కుడి భుజం వెనక నిలబడ్డవాడు

మొదటిరోజు నేను కుర్చీ జరిపి దారిచ్చాను. అంతకుమించి ఏమీ జరగలేదు.

హైటెక్ సిటీలో మా ఆఫీసు తొమ్మిదో అంతస్తులో ఉంటుంది. భోజనాలయ్యాక టీమ్ మీటింగ్‌లో కూర్చున్నాను. పొట్టలోంచి ఏదో చల్లగా పైకి లేచింది, లిఫ్టు ఒక్కసారిగా కిందికి దిగినప్పుడు లేచినట్టు. ఆ వెంటనే నా కుడి భుజం వెనక ఎవరో వచ్చి నిలబడ్డారు. చప్పుడు లేదు, వాసన లేదు, ఊపిరి తగల్లేదు. కానీ మనిషి ఉన్నాడు. అవతలికి వెళ్లడానికి దారి కోసం ఆగాడనుకుని "సారీ, రండి" అంటూ కుర్చీ ముందుకు లాక్కున్నాను. ఎదురుగా కూర్చున్నవాళ్లు నన్ను వింతగా చూశారు. వెనక్కి తిరిగాను. నా కుర్చీకీ అద్దాల గోడకీ మధ్య చెయ్యి పట్టేంత జాగా కూడా లేదు. ఆ అద్దం అవతల ఉన్నది ఉత్త గాలి.

నా పేరు సుజాత. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. మా పనిలో ప్రతిదానికీ రెండు గడులుంటాయి. ఏం రావాలి అన్నది ఒకటి, ఏం వచ్చింది అన్నది ఒకటి. రెండూ కలవకపోతే అది బగ్. ఊళ్లోవాళ్ల బగ్గులన్నీ పట్టేదాన్ని, నా తలలోది మాత్రం నాకు దొరకలేదు.

పుట్టిపెరిగింది బోరబండలో. నాన్న పోయాడు, అమ్మ ఇంకా అక్కడే ఉంటుంది. పెళ్లి చేసుకున్నది తెనాలి నుంచి వచ్చిన శామ్యూల్‌ని, ఆఫీసు పరిచయమే. మేం నల్లగండ్లలో అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. మాకొక ఆడపిల్ల. మా అత్తగారు చర్చిలో ఆ పిల్లకి ఒక అందమైన పేరు పెట్టించారు. ఆ పేరు చివర్లో రాస్తాను, దానికి కారణం ఉంది. అమ్మకి ఆ పేరు నోరు తిరగదు. "నువ్వూ బిడ్డవే, నీ బిడ్డ సుత బిడ్డనే. నాకు పేర్లతోని ఏం పని?" అంటుంది. మా ఇద్దరినీ అలాగే పిలుస్తుంది.

వాడు మళ్లీ వచ్చాడు. వంటింట్లో వచ్చాడు, క్యాబ్‌లో వచ్చాడు, ఆఫీసు క్యాంటీన్‌లో టీ కోసం లైన్లో ఉండగా వచ్చాడు. ఎప్పుడూ కుడి భుజం వెనకే. వచ్చాక కాసేపు నాకేమీ తెలిసేది కాదు. తెలివొచ్చేసరికి టీ చల్లారిపోయి ఉండేది, ఎదుటివాళ్లు నా మొహంలోకి చూస్తూ ఉండేవాళ్లు. నోరు చప్పరిస్తూ కూర్చున్నానట, పిలిస్తే పలకలేదట. ఆ తర్వాత కొంతసేపు మాట కూడా సరిగ్గా వచ్చేది కాదు. మా టీమ్‌లో ఇదొక జోకయింది. "సుజాత హ్యాంగ్ అయింది, రీస్టార్ట్ చెయ్యండి" అనేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని, ఏడవడం బాగుండదని.

మొదట చెప్పింది అమ్మకే. ఆమె ముంగిట్లో కూర్చుని బియ్యం చెరుగుతోంది.

"ఆడామెనా, మొగోడా?" అనడిగింది.

"మొగోడే అనిపిస్తది."

"మొకం సూడకుండ ఎట్ల అనిపిస్తది?"

"తెల్వదమ్మా. అనిపిస్తది, అంతే."

"ఏమన్న మాట్లాడ్తడా?"

"మాట్లాడడు. నిలవడతడు."

అమ్మ చేట పక్కన పెట్టింది. "ఉత్తగ ఎవ్వడు నిలవడడు బిడ్డా. ఏదో తీస్కపోనీకె నిలవడతడు. రేపే దవాఖానకు పోదాం, పా."

భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోతుందేమో అనుకున్నాను. దవాఖాన అన్నందుకు ఇప్పటికీ అమ్మకి మనసులో దండం పెట్టుకుంటాను. కానీ ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు. ఏదో తీసుకుపోవడానికి నిలబడతాడు అన్నది.

గచ్చిబౌలి వైపు ఉన్న ఒక ఆస్పత్రిలో న్యూరాలజిస్టుని కలిశాం. నడివయసు డాక్టరమ్మ, నెమ్మదైన మనిషి. చెప్పినదంతా విని, "దీన్ని ఆరా అంటామమ్మా. సీజర్, అంటే ఫిట్స్, మొదలవుతోందని మెదడు చేసే హెచ్చరిక. అందరికీ కాళ్లూ చేతులూ కొట్టుకోవాలని లేదు" అన్నారు. ఆ తర్వాత అమ్మ వైపు తిరిగి, నాకు పసితనంలో జ్వరంతో ఫిట్స్ వచ్చాయా అని అడిగారు.

"వచ్చినయి మేడం" అంది అమ్మ. "పాలు తాగే పిల్ల అప్పుడు. జరంల కాలిపోతుండె, కండ్లు మీదికి వెట్టింది. చేతుల తాళంచెవుల గుత్తి వెట్టి పట్టుకున్నం. జర సేపటికి తగ్గింది, ఇగ మంచిగైంది అనుకున్నం."

నాకెప్పుడూ చెప్పలేదేమని అడిగితే, తగ్గిపోయినదాన్ని ఎందుకు తలుచుకోవాలి అంది. తలుచుకుంటే తిరిగొస్తుందని ఆమె భయం. నేను మర్చిపోయినదాన్ని నా మెదడు ఇన్నేళ్లూ దాచిపెట్టుకుందన్న సంగతి నన్ను కుదిపేసింది.

మెదడులో కరెంటు కొలిచే ఈఈజీ మామూలుగా ఉంది. ఎమ్మారైలో ఎడమవైపు హిప్పోకాంపస్ అనే జ్ఞాపకాల భాగం కాస్త ముడుచుకున్నట్టుంది, కానీ గట్టిగా చెప్పలేం అన్నారు. టాబ్లెట్లు మొదలుపెట్టారు. కొన్నాళ్లు వాడు రాలేదు. మళ్లీ వచ్చాడు. ఇంకో టాబ్లెట్ కలిపారు. ఒళ్లంతా మత్తు, ఆఫీసులో కళ్లు మూతలు పడేవి, వాడు మాత్రం ఎప్పట్లాగే వచ్చేవాడు. "రెండు మందులు సరిగ్గా వాడినా ఆగట్లేదంటే మూడోదానికి ఆగే అవకాశం తక్కువ. ఆపరేషన్ గురించి ఆలోచించాలి" అన్నారు డాక్టరమ్మ. నేను వినిపించుకోలేదు. తల కోయించుకోవడానికి ఎవరు తయారుగా ఉంటారు?

తయారు చేసింది బోరబండ స్టేషన్.

ఒక ఆదివారం అమ్మ దగ్గరికి వెళ్లి, సాయంత్రం పిల్లతో ఇంటికి తిరిగొస్తున్నాను. లింగంపల్లి వైపు ఎమ్ఎమ్‌టీఎస్ రైలు వస్తోందని అనౌన్స్ చేశారు. పిల్ల చెయ్యి నా కుడిచేతిలో ఉంది. పొట్టలో చల్లగా లేచింది. వాడు వచ్చి నిలబడ్డాడు. ఈసారి నిలబడింది ఒక్క నా వెనకే కాదు, మా ఇద్దరి వెనకా అనిపించింది. ఆ తర్వాత నాకు తెలిసింది, బురఖా వేసుకున్న ఒకామె నా పిల్లని చంకనెత్తుకుని పిల్లని పట్టుకోమని, నీకేమైందని నన్ను గట్టిగా కేకలేస్తోంది. "అరే అమ్మా, బచ్చీకో పకడో! క్యా హోగయా తుమ్‌కో?" రైలు వచ్చి వెళ్లిపోయింది కూడా. పిల్ల చెయ్యి నేనే వదిలేశానట, ఆమె కేకలేస్తూనే చెప్పింది. గుంజుకుపోయింది కాదు. నా వేళ్లు ఒక్కొక్కటీ విప్పి వదిలేశానట, ఏదో పని ముగించినట్టు. పిల్ల అంచు దాకా నడిచివెళ్లింది.

ఆమెకి థాంక్స్ చెప్పాలని నోరు తెరిచాను. మాట రాలేదు. సీజర్ తర్వాత నాకు అంతేగా. ఆమె నన్ను తాగినదాన్ని చూసినట్టు చూసి, పిల్లని కిందికి దించి వెళ్లిపోయింది. ఆ వేళ్లు విప్పింది ఎవరు అన్న ప్రశ్న ఆ రోజు నుంచి నాతోనే ఉంది. మర్నాడే డాక్టరమ్మకి ఫోన్ చేసి, టెస్టులన్నీ చేయించుకుంటానని చెప్పాను.

వీడియో ఈఈజీ కోసం ఆస్పత్రిలో చేరాను. తలనిండా వైర్లు, ఎదురుగా కెమెరా, చేతిలో ఒక బటన్. టాబ్లెట్లు తగ్గించేశారు, వాడిని రప్పించడానికి. పక్కన ఒక సిస్టర్ సిరంజితో సిద్ధంగా ఉండేది. అది స్పెక్ట్ స్కాన్ కోసం అన్నారు. సీజర్ మొదలైన చోటికి రక్తం పరిగెడుతుందట. సరిగ్గా ఆ క్షణంలో సిరంజిలోని మందు ఎక్కిస్తే, రక్తం ఎక్కువగా పోయినచోట అది అంటుకుపోతుందట. "ఫోటో తర్వాత తీసినా అందులో కనిపించేది ఆ క్షణమే" అన్నారు డాక్టరమ్మ.

ఇన్నాళ్లూ ఎప్పుడంటే అప్పుడు వచ్చినవాడు, పిలిస్తే రాలేదు. చుట్టం కోసం ఎదురుచూసినట్టు వాడి కోసం ఎదురుచూశాను. సిస్టర్‌కి విసుగొచ్చి, "మీవాడు సెలవులో ఉన్నాడా అక్కా?" అని ఆటపట్టించేది. చివరికి ఒక మధ్యాహ్నం పెరుగన్నం కలుపుకుంటుంటే వచ్చాడు. బటన్ నొక్కాను, నొక్కినట్టు గుర్తుంది. "వచ్చిండు" అన్నానట కూడా.

రెండు ఫోటోలు తీశారు, వాడు వచ్చినప్పటిది ఒకటి, మామూలప్పటిది ఒకటి. ఒకదాంట్లోంచి ఇంకోదాన్ని తీసేస్తే మిగిలింది ఎర్రటి మచ్చ, ఎడమ కణత దగ్గరి టెంపోరల్ లోబ్ లోపలి వైపు. శామ్యూల్ ఊపిరి పీల్చుకుని, "హమ్మయ్య, దొరికేసింది" అన్నాడు. నేను ఆ మచ్చనే చూస్తూ ఉండిపోయాను. వాడికి ఫోటో ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

ఎడమవైపు అనగానే అసలు ప్రశ్న వచ్చింది. మామూలుగా మాట ఉండేది ఎడమవైపే. అక్కడ తీస్తే మాటలు, ముఖ్యంగా పేర్లు పోవచ్చు. నాకు మాట ఎంత ఉందో ముందు కొలవాలన్నారు. విశాఖపట్నం నుంచి కొత్తగా వచ్చిన సైకాలజిస్టు అమ్మాయి నన్ను కూర్చోబెట్టి, బొమ్మలు చూపించి పేర్లు చెప్పమంది. "ఏ మాట ముందు తడితే అదే చెప్పండి మేడమ్. ఆలోచించకండి" అంది. నేను ఆలోచించలేదు. టెస్టంటే నాకు భయమేముంది, టకటకా చెప్పుకుంటూ పోయాను.

ఫలితం చెప్పేరోజు నేనూ శామ్యూలూ వెళ్లాం. డాక్టరమ్మ పక్కన ఆ అమ్మాయి కూడా ఉంది. "నేమింగ్, అంటే పేర్లు చెప్పడం, ఇప్పటికే బాగా దెబ్బతింది" అన్నారు డాక్టరమ్మ. "ఒక రకంగా ఇది మనకి మంచిదే. ఆ భాగం ఎప్పుడో పని మానేసినట్టుంది. కాస్త ఎక్కువ తీసినా కొత్తగా పోయేదేం ఉండదు."

పోయేదేం ఉండదు. ఎంత తియ్యటి మాట! నాకు ఏడుపొచ్చింది, సంతోషంతో. వాడు పోతాడు, నాది ఏదీ పోదు. పిల్ల చెయ్యి మళ్లీ పట్టుకోవచ్చు.

శామ్యూల్ మాత్రం మొహం చిట్లించాడు. "అదేంటండీ, ఇంట్లో నన్ను మాట్లాడనివ్వదే! ఏం తప్పులు చెప్పిందో ఒకటి రెండు చెప్తారా?"

"చేతిరుమాలు చూపిస్తే దస్తీ అన్నారండి" అంది ఆ అమ్మాయి. "లేని మాట పుట్టిస్తే నియోలాజిజం అంటాం. చీపురుకి పొరక అన్నారు. చొక్కాకి అంగి, గొడుక్కి ఛత్రి. ఇలా చాలా ఉన్నాయండి."

శామ్యూల్ పకపకా నవ్వాడు. ఆస్పత్రి గదిలో అంత గట్టిగా ఎవరూ నవ్వరు. "అయ్యో, అవన్నీ మాటలేనండీ బాబూ! పెళ్లయిన కొత్తలో 'నా దస్తీ ఏడున్నది' అంటే, ఆస్తి దస్తావేజులేమో అనుకుని బీరువా అంతా వెతికాను. మీరు ఈవిడని ఫెయిల్ చేస్తే బోరబండ మొత్తాన్ని ఫెయిల్ చెయ్యాలి."

ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. "ఇన్నేళ్లుగా ఈ ఊళ్లో ఉన్నాను. దస్తీ నాకు తెలుసు. నేను స్కోరు చూశాను, మాటలు చూడలేదు. పొరపాటు మాదే" అన్నారు.

నేను నవ్వలేకపోయాను. ఏం వచ్చింది అన్న గడిలో తప్పులేదు, ఏం రావాలి అన్న గడిలోనే తప్పుంది. మా పనిలో ఇది రోజూ చూసేదే. అలాంటప్పుడు టెస్ట్ మళ్లీ చెయ్యాలి. ఈసారి మహబూబ్‌నగర్‌కి చెందిన ఒక డాక్టర్ని పక్కన కూర్చోబెట్టి చేశారు. నాకు దాదాపు అన్నీ వచ్చాయి.

"నేమింగ్ చాలా బాగుంది" అన్నారు డాక్టరమ్మ. అభినందిస్తున్నట్టు లేదు ఆ గొంతు. "ముందే పాడైనది పోతే పోయినట్టు తెలియదమ్మా. మీది బాగుంది. కాబట్టి పోతే తెలుస్తుంది."

ఇంటికొచ్చాం. పార్కింగ్‌లో కారు ఆపాక శామ్యూల్ స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాడు. "నోరు మూసుకుని కూర్చోవాల్సింది. నువ్వు ఎంత ధైర్యంగా ఉన్నావు, అంతా పాడుచేశాను."

"నువ్వు నోరు మూస్కుంటే వాళ్లు ఎక్కువ కోసేటోళ్లు" అన్నాను.

"అసలు కోయించుకోకు సుజీ. పాపని నేను చూసుకుంటా. నువ్వు ఒంటరిగా బయటికి వెళ్లకు, అంతే."

నా వేళ్లు విప్పింది అతను చూడలేదు.

ఇంకొక్క టెస్ట్ మిగిలింది. డాక్టరమ్మ దాని పేరు చెప్పగానే అమ్మ ఉలిక్కిపడింది.

"వాడా టెస్ట్ చేద్దామమ్మా" అన్నారు ఆమె.

"వాడా?" అంది అమ్మ, నా కుడి భుజం వెనక్కి చూస్తూ. "వాన్ని టెస్ట్ చేస్తరా మేడం? వాడొస్తడా?"

అది టెస్ట్ పేరేనని చెప్పడానికి డాక్టరమ్మకి కాసేపు పట్టింది. అందరం నవ్వుకున్నాం. కానీ ఆ మాట నా చెవిలో ప్రశ్నలాగే ఉండిపోయింది. వాడా?

ఆ టెస్ట్ ఇది. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం మెడదాకా ఎక్కిస్తారు. దాంట్లోంచి మత్తుమందు మెదడులో ఒక సగానికే పంపిస్తారు. మిగతా సగం మెలకువగా ఉంటుంది. ఎడమ సగం నిద్రపోతే కుడి సగం ఏం చేయగలదో చూస్తారు, ఆపరేషన్ తర్వాత ఏమవుతుందో ముందే తెలుసుకోవడానికి. మందు ఇచ్చే ముందు డై అనే రంగుమందు పంపి, రక్తం అవతలి సగంలోకి పోవడం లేదని స్క్రీన్ మీద చూసుకున్నారు. మెడలో, చెంపలో వెచ్చగా పాకింది.

"రెండు చేతులూ పైకెత్తి వేళ్లు ఆడించండి, ఒకట్లు లెక్కపెట్టండి" అన్నారు. లెక్కపెడుతూ ఉన్నాను. కుడిచెయ్యి దానంతటదే పక్కమీద పడిపోయింది. అంకెలు ఆగిపోయాయి.

ఇప్పుడు రాసేది ఎంతవరకు నిజంగా గుర్తుందో, ఎంత తర్వాత నేనే అల్లుకున్నానో చెప్పలేను. సైకాలజిస్టు అమ్మాయి ఒక దువ్వెన చూపించింది. అదేంటో నాకు తెలుసు. అమ్మ నూనెచేతులు, పాయ తీసేటప్పుడు పుర్రె మీద గీసుకునే పళ్లు, అన్నీ తెలుసు. పేరు మాత్రం లేదు. పేరు అనేది ఒకటి ఉండాలన్న ఆలోచన కూడా లేదు. భయం లేదు. నన్ను ఈనాటికీ వెంటాడేది అదే, భయం లేకపోవడం. ఎన్నో నెలల తర్వాత మొదటిసారి నా వెనక ఎవరూ లేరు. నేనే ఎవరి వెనకో నిలబడి ఉన్నాను. ముందున్న ఆవిడ, ఎప్పుడూ గలగలా మాట్లాడే ఆవిడ, నిద్రపోతోంది. నేను చూస్తున్నాను. మాట్లాడను. నిలబడతాను.

మందు దిగాక, చూపించిన వస్తువులేవో గుర్తుపట్టమన్నారు. దువ్వెన, తాళంచెవి, బొమ్మ ఏనుగు, అన్నీ పట్టాను. జ్ఞాపకం కుడివైపు కూడా ఉంది, మాట మాత్రం మొత్తం ఎడమవైపే ఉంది అన్నారు.

కాసేపాగి కుడి సగానికి మందు ఇచ్చారు. ఈసారి ఎడమచెయ్యి పడిపోయింది, మాట మాత్రం ఆగలేదు. జోకులు కూడా వేశానట. మధ్యలో సైకాలజిస్టుతో రహస్యం చెప్పినట్టు, "వాడు పండుకున్నడు" అన్నానట. నాకా మాట గుర్తులేదు. ఆ అమ్మాయి నవ్వుతూ చెప్పింది. డాక్టరమ్మని అడిగితే, మత్తులో చాలామంది చాలా అంటారు, పట్టించుకోకండి అన్నారు.

ఎలా పట్టించుకోకుండా ఉంటాను? ఫోటోలో వాడు ఎడమవైపు ఉన్నాడు. పడుకున్నదేమో కుడివైపు. కోసేది ఎవరిని, మిగిలేది ఎవరు?

అయినా ఒప్పుకున్నాను. ధైర్యం వచ్చి కాదు. మాటలు లేకపోయినా పిల్ల చెయ్యి పట్టుకోవచ్చు, ఎన్ని మాటలున్నా రైలు ఆగదు. ఆ మాటే అమ్మకి చెప్పాను. అమ్మ నా తల నిమిరి, "జుట్టు మళ్ల వస్తది తియ్" అంది. జుట్టు గురించి నేను అడగనేలేదు.

రెండో టెస్ట్ చూశాక సర్జన్ ముందనుకున్నదానికంటే తక్కువ తీశారు. కళ్లు తెరిచేసరికి తల బరువుగా ఉంది, గొంతు ఎండిపోయింది. శామ్యూల్ మొహం కనిపించింది. అతని పేరు రాలేదు. వాపు ఉంటుంది, కంగారు పడకండి అన్నారు. నిజంగానే రోజులు గడిచేకొద్దీ మాటలు ఒక్కొక్కటీ వచ్చాయి. ముందు వచ్చినవన్నీ అమ్మవే. దస్తీ వచ్చింది, పొరక వచ్చింది. చేతిరుమాలు రావడానికి చాలా కాలం పట్టింది. "ఈసారి బోరబండ పాసయ్యింది" అన్నాడు శామ్యూల్, కళ్లు తుడుచుకుంటూ.

పిల్లని ఆస్పత్రికి తెచ్చారు. నా తలకి కట్టు చూసి దూరంగా నిలబడింది. పిలవబోయాను. నోరు తెరుచుకుంది. నా కడుపున పుట్టిన పిల్ల, దాని వేలిగోళ్ల ఆకారం కూడా తెలుసు నాకు. పేరు ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఆ ఖాళీ ఎలాంటిదో నాకు బాగా తెలుసు. కుడి భుజం వెనక అద్దాల గోడకీ నాకూ మధ్య ఉన్నంత జాగా. అమ్మ అన్నది నిజమైంది. ఉత్తగా నిలబడలేదు, తీసుకుపోవడానికే నిలబడ్డాడు. ఆ రోజు నేను గోడవైపు తిరిగి, ఎవరు ఓదార్చినా ఆగకుండా ఏడ్చాను.

స్పీచ్ థెరపీకి వెళ్లాను. మొదటి అక్షరం అందిస్తే పేరు వస్తుందని అక్కడ తెలిసింది. పిల్లకి ఇదొక ఆటయింది. నేను తడుముకుంటుంటే తనే తన పేరులో మొదటి అక్షరం అందించేది, నేను మిగతాది పూర్తిచేస్తే చప్పట్లు కొట్టేది. కొన్నాళ్లకి చప్పట్లు మానేసింది. అక్షరం మాత్రం అందిస్తూనే ఉంది, నీళ్లగ్లాసు అందించినంత మామూలుగా.

ఇప్పుడు వాడు రావడం లేదు. టాబ్లెట్లలో ఒకటి తగ్గింది, మిగతావి వాడుతున్నాను. ఆఫీసుకి వెళ్తున్నాను. మీటింగుల్లో పేర్లు రాకపోతే "నువ్వు, ఎర్ర అంగి వేసుకున్నాయనా" అంటాను, అందరూ నవ్వుతారు. హ్యాంగ్ అయిందని ఇప్పుడెవరూ అనరు. డాక్టరమ్మ దీన్ని మంచి ఫలితం అంటారు. మంచి ఫలితమే. కానీ మాట దొరకని ప్రతిసారీ, ఆ మాట తెలిసినవాడెవడో నా వెనకే ఉండి చెప్పకుండా నిలబడ్డట్టు అనిపిస్తుంది. ఇది ఆరా కాదు, ఈఈజీలో ఏమీ లేదు. నేను వెనక్కి తిరిగి చూడను.

ఈమధ్య మళ్లీ బోరబండ స్టేషన్‌కి వెళ్లాం, పిల్లా నేనూ. ఆపరేషన్ తర్వాత మేమిద్దరమే వెళ్లడం అదే మొదలు. రైలు కనిపించగానే పిల్ల నా చెయ్యి విడిపించుకుని, కిటికీ సీటు కోసం ముందుకు పరిగెత్తింది. ఈసారి విడిపించుకుంది అదే, నేను వదల్లేదు. రైలు ఇంకా ఆగలేదు. వీపు నావైపు ఉంది, అక్షరం అందించేవాళ్లు లేరు. నోరు తెరిచాను. ఏమీ లేదు. వెనక ఆ జాగా చల్లగా తెరుచుకుంది. రైలు కూత వేసింది.

"బిడ్డా!"

అది నా గొంతు కాదు, అమ్మ గొంతు. నన్ను పుట్టినప్పటి నుంచి పిలిచిన పిలుపు. వెతక్కుండానే వచ్చింది. పిల్ల అక్కడికక్కడే ఆగి వెనక్కి తిరిగింది. వెళ్లి దాని చెయ్యి పట్టుకున్నాను. "నొప్పి మమ్మీ" అనేదాకా పట్టు సడలించలేదు.

ఇలాంటి ఆపరేషన్‌కి వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. మాటల టెస్టుకి మీ ఇంటి మాట తెలిసినవాళ్లని వెంట తీసుకెళ్లండి. మార్కులు విని ఊరుకోకుండా, ఏ బొమ్మకి మీరేం అన్నారో వాళ్ల ముందే చదివించుకోండి. మీ అమ్మ నేర్పిన మాటని ఎవరూ తప్పుగా లెక్కవేయకుండా చూసుకోండి. నాకు చివరికి మిగిలింది ఆ మాటే.

నా బిడ్డ పేరు కెజియా. రాయడానికి వచ్చింది. గట్టిగా అనడానికి ప్రయత్నిస్తున్నాను, పక్క గదిలోంచి తను వింటోంది, ఇంకా అక్షరం అందించలేదు.